పెరట్లోనే ఉంది ప్లగిన్‌!

పాటలు చేసే సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టబోతున్నారా? ఏది ఎందులో పనిచేస్తుందో, ఏది ఉచితంగానే వస్తుందో తెలిశాకే జేబులో చెయ్యి పెట్టండి.

బ్రాడీపేట హాస్టల్లో ఉండి బీటెక్ చదివే అబ్బాయి అయినా, మార్కాపురంలో డిగ్రీ చదివే అమ్మాయి అయినా, సంగీతంతో సంపాదించాలన్న ఆలోచన రాగానే ముందు అడిగేది ‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?’ అని. యూట్యూబ్‌లో దీనికి లెక్కలేనన్ని జవాబులు దొరుకుతాయి. ఒకరు ఎఫ్ఎల్ స్టూడియో అంటారు, ఇంకొకరు లాజిక్ లేకపోతే దండగ అంటారు. చూస్తూ చూస్తూనే ఓ నెల గడిచిపోతుంది. అసలు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మీ చేతిలో ఉన్న ల్యాప్‌టాప్ ఏది? అందులో నడిచే సాఫ్ట్‌వేర్ ఏ ఫార్మాట్ ప్లగిన్లను లోపలికి రానిస్తుంది? దాంతోపాటు ఏమేం ఉచితంగా వస్తాయి? మీరు చేసిన పని అవతలి వాళ్ల సిస్టమ్‌లో తెరుచుకుంటుందా? ఈ నాలుగూ తేలితే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో దానంతటదే తేలిపోతుంది.

పని ఉందా అంటే, ఉంది. సినిమా ఛాన్సుల సంగతి పక్కన పెట్టండి. విత్తనాలు, పురుగుమందుల ప్రచార ఆటోల్లో వినిపించే ఆడియో, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర మోగే పాటలు, పెళ్లి వీడియోలు, జానపద యూట్యూబ్ ఛానళ్లు, షార్ట్‌ఫిల్ములకు డబ్బింగ్, కోచింగ్ సెంటర్ల వీడియో పాఠాల్లో మాటను శుభ్రం చేయడం, పాడ్‌కాస్ట్ ఎడిటింగ్... ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. వీటిలో చాలావరకు ఖరీదైన ప్లగిన్ ఏదీ అడగవు. మాట స్పష్టంగా వినపడాలి, చెప్పిన రోజుకి ఫైలు చేతికందాలి. అంతే.

మోటారు ప్లగ్గు, ఫ్యాన్ సాకెట్టు

ముందు పేర్లు. ట్రాకులు రికార్డు చేసి, కత్తిరించి, కలిపే పెద్ద సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్, లాజిక్ ప్రో, ప్రో టూల్స్... ఇవన్నీ ఆ కోవలోవే. వీటి లోపల కూర్చుని పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ప్లగిన్. గొంతుకు ఎకో ఇచ్చేది ఒక ప్లగిన్, వయొలిన్‌లా మోగేది ఇంకో ప్లగిన్. ప్లగిన్‌కు చోటిచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్ హోస్ట్. ఇంటికి పిలిచినవాడే కదా, ఎవరు లోపలికి రావాలో చెప్పేది కూడా వాడే.

పొలంలో మోటారుకు వాడే లావు పిన్నుల ప్లగ్గు ఇంట్లో ఫ్యాన్ సాకెట్టులో దూరుతుందా? కరెంటు ఒకటే అయినా దూరదు. ప్లగిన్ ఫార్మాట్ల కథా ఇదే. జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ 1996లో క్యూబేస్‌తో పాటు వీఎస్‌టీ అనే ఫార్మాట్‌ను తెచ్చింది. 1999లో దానికి రెండో రూపం వచ్చాక వాయిద్యాలను కూడా ప్లగిన్లుగా చేయడం మొదలైంది. 2008లో వీఎస్‌టీ3 వచ్చింది. యాపిల్‌కు తన సొంత ఫార్మాట్ ఉంది, ఆడియో యూనిట్స్, వాడుకలో ఏయూ. ప్రో టూల్స్ తయారుచేసే అవిడ్ కంపెనీది ఏఏఎక్స్. 2022లో బిట్‌విగ్, యూ-హీ అనే రెండు కంపెనీలు కలిసి క్లాప్ అనే కొత్త ఫార్మాట్‌ను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా విడుదల చేశాయి. లినక్స్ వాడేవాళ్లకు ఎల్‌వీ2 ఉంది.

ఇప్పుడు ఎవరు దేన్ని తీసుకుంటారో చూడండి. లాజిక్ ప్రో, గరాజ్‌బ్యాండ్ ఏయూనే తీసుకుంటాయి, అదీ యాపిల్ పరికరాల్లోనే. ప్రో టూల్స్ ఏఏఎక్స్ తప్ప మరోటి ముట్టదు. క్యూబేస్ వీఎస్‌టీ ఇంటిది. ఏబుల్టన్ లైవ్ విండోస్‌లో వీఎస్‌టీ, మ్యాక్‌లో వీఎస్‌టీతో పాటు ఏయూ తీసుకుంటుంది. రీపర్‌ది పెద్ద మనసు. వీఎస్‌టీ పాతదీ కొత్తదీ, ఏయూ, క్లాప్, ఎల్‌వీ2 అన్నీ రానిస్తుంది. ఏఏఎక్స్ ఒక్కటే దాని గుమ్మం దాటదు. మీది విండోస్ ల్యాప్‌టాప్ అయితే లెక్క తేలిక: వీఎస్‌టీ3 ఉందా లేదా అన్నదే చూడండి. ప్లగిన్ పేజీలో ‘ఏయూ మాత్రమే’ అని ఉంటే అది ఎంత బాగున్నా మీది కాదు.

‘ఏఏఎక్స్ సౌండ్ బాగుంటుందట, వీఎస్‌టీ పల్చగా ఉంటుందట’ అనే మాట వింటుంటారు. నమ్మొద్దు. ఒకే ప్లగిన్‌ను ఒకే సెట్టింగులతో ఏ ఫార్మాట్‌లో నడిపినా లోపల జరిగే లెక్క ఒకటే. కారం ఒకటే, సీసా మూతలే వేరు.

పాత సీసాలతోనే చిక్కు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాత ప్లగిన్లు చాలావరకు వీఎస్‌టీ2వి, అందులోనూ కొన్ని 32 బిట్‌వి. స్టైన్‌బర్గ్ 2018లో వీఎస్‌టీ2 డెవలపర్ కిట్ ఇవ్వడం ఆపేసింది. 2022లో తన హోస్ట్‌ల నుంచి కూడా దాన్ని తీసేస్తామని ప్రకటించింది. 64 బిట్ హోస్ట్ 32 బిట్ ప్లగిన్‌ను నేరుగా నడపలేదు, మధ్యలో ‘బ్రిడ్జ్’ కావాలి. రీపర్ విండోస్‌లో ఆ వంతెన తానే వేసుకుంటుంది, అన్నీ అలా వేసుకోవు. ప్లగిన్ ఇన్‌స్టాల్ చేశాక హోస్ట్‌లో కనపడకపోతే కంగారుపడి విండోస్ మళ్లీ వేయించేవాళ్లున్నారు. అంత అవసరం లేదు. వీఎస్‌టీ3 ఫైళ్లకు విండోస్‌లో ఒక స్థిరమైన చిరునామా ఉంది: సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3 ఫోల్డర్. ఫైలు అక్కడుందో లేదో చూసి, హోస్ట్‌లో మళ్లీ స్కాన్ కొట్టండి. వీఎస్‌టీ2కి ఇలాంటి స్థిరమైన చోటు లేదు. ఒక్కో ఇన్‌స్టాలర్ ఒక్కో ఫోల్డర్లో పడేస్తుంది, వెతుక్కోవాల్సింది మీరే.

పెట్టెలో ఏమొస్తాయి?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. హోస్ట్‌తో పాటు ఉచితంగా వచ్చే స్టాక్ ప్లగిన్ల గతి అచ్చంగా అదే. వాటిని ఒక్కసారి కూడా తెరవకుండానే బయటివాటి కోసం వెతుకుతారు. 1996 నాటి ఆ క్యూబేస్‌లోనే నాలుగు ఎఫెక్టులు జతగా వచ్చాయి. అప్పటి నుంచి ఈ పోటీ పెరుగుతూనే ఉంది. ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్, డిలే, గేట్ ఇప్పుడు దాదాపు ప్రతి హోస్ట్‌లోనూ ఉంటాయి. మీకు మొదట వచ్చే పనులకు ఈ ఐదు చాలు. వాటిని ఎప్పుడు ఎంత వాడాలో చెవికి పట్టుబడటానికే ఏడాది పడుతుంది.

రీపర్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన ల్యాప్‌టాప్‌లకు, మన జేబులకు అది బాగా సరిపోతుంది కాబట్టి. ఇన్‌స్టాలర్ చాలా చిన్నది, పాత ఐ3 మిషన్‌లోనూ నడుస్తుంది. 60 రోజులు ఏ ఆంక్షలూ లేకుండా వాడి చూడొచ్చు. ఆ తర్వాత వ్యక్తిగత వాడకానికీ, చిన్న వ్యాపారాలకూ లైసెన్సు 60 డాలర్లు, మన లెక్కలో ఐదు వేలు దాటుతుంది. రీఈక్యూ, రీకాంప్, రీగేట్, రీట్యూన్, రీవెర్బ్ లాంటి ఎఫెక్టులు లోపలే ఉంటాయి. చూడటానికి బొమ్మలూ మెరుపులూ ఉండవు, ఎక్సెల్ షీటులా ఉంటాయి. పనిలో మాత్రం లోటు చేయవు. ఫ్యాన్ రొద తీయడానికి అందులోని రీఎఫ్ఐఆర్ నేర్చుకోండి. ఎవరూ మాట్లాడని చోట రెండు క్షణాల రొదను దానికి వినిపిస్తే, ఆ రొద రూపాన్ని గుర్తుపెట్టుకుని మిగతా ట్రాక్ అంతటా తగ్గిస్తుంది. పెళ్లి వీడియోలవాళ్లకు ఈ ఒక్క పని చేసిపెట్టినా చేతి ఖర్చులకు కొదవుండదు. రీపర్ బలహీనత ఎక్కడంటే వాయిద్యాల దగ్గర. ఒక చిన్న సింథ్, ఒక శాంప్లర్ తప్ప పియానోలు, వయొలిన్లు జతగా రావు. అవి బయటి నుంచి తెచ్చుకోవాలి.

మ్యాక్ ఉంటే లెక్క తిరగబడుతుంది. గరాజ్‌బ్యాండ్ ఉచితం, వాయిద్యాలూ లూపులూ దండిగా ఉంటాయి. లాజిక్ ప్రో లైబ్రరీ మొత్తం దించితే పదుల జీబీలు, హాస్టల్ వైఫై మీద పెట్టుకోకండి. లాజిక్ మొదట్లో విండోస్‌లోనూ నడిచేది. 2002లో దాన్ని తయారుచేసే ఇమేజిక్ కంపెనీని యాపిల్ కొనేసి విండోస్ రకాన్ని ఆపేసింది. కాబట్టి ‘విండోస్‌కు లాజిక్ సెట్ చేసిస్తాం’ అని ఎవరైనా అంటే ఆ షాపు మెట్లు దిగిపోండి.

ఉచిత రకాల్లో మెలికలు చూసుకోండి. ప్రో టూల్స్ ఇంట్రో ఉచితమే. కానీ ఆడియో ట్రాకులు ఎనిమిదే, బయటి ప్లగిన్ ఏదైనా ఏఏఎక్స్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ప్రాజెక్టు సేవ్ చేసుకోవచ్చు, మళ్లీ తెరవాలంటే కొనాల్సిందే. రాత్రంతా కూర్చుని చేసిన పాట పొద్దున తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయితే ఒకసారి కొంటే ఆ కంపెనీ తర్వాతి వెర్షన్లన్నీ ఉచితంగా ఇస్తుంది, ఆ మంచి కూడా చెప్పుకోవాలి. స్టూడియో వన్ ఉచిత రకం ప్రైమ్‌లోనైతే బయటి ప్లగిన్లు అసలు పనిచేసేవే కావు. వేవ్‌ఫామ్ ఫ్రీకి ట్రాకుల లెక్క లేదు, బయటి ప్లగిన్లనూ రానిస్తుంది. కేక్‌వాక్ సోనార్‌కూ ఇప్పుడు ఉచిత రకం ఉంది.

ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటే పెట్టెలో ఒక కోడ్ వస్తుంది: ఏబుల్టన్ లైవ్ లైట్, క్యూబేస్ ఎల్ఈ లేదా ఏఐ, కొన్ని ప్లగిన్లు. వీటి విలువ తక్కువేం కాదు. అయితే సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. ఆ కోడ్ మొదటి యజమాని పేరు మీద రిజిస్టరై ఉంటే చాలాసార్లు మీకు రాదు. డబ్బులిచ్చే ముందే ‘కోడ్ వాడారా?’ అని అడగండి. వాడి ఉంటే ఆ మేరకు బేరం ఆడండి.

కాంటాక్ట్ అనే శాంప్లర్‌ది ఇంకో మెలిక. కాంటాక్ట్ ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది. ‘పూర్తి కాంటాక్ట్ కావాలి’ అని రాసి ఉన్న లైబ్రరీని అందులో తెరిస్తే 15 నిమిషాలు మోగి ఆగిపోతుంది. లైబ్రరీ కొని, అది నోరెత్తక, మళ్లీ అసలు కాంటాక్ట్ కొనాల్సి వచ్చి ఇరుక్కుపోయేవాళ్లు తక్కువేం లేరు. కొనేముందు ఆ ఒక్క వాక్యం వెతకండి.

బయటి ప్లగిన్లలోనూ పైసా ఖర్చు లేనివి చాలానే ఉన్నాయి. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అనే సింథ్‌లు, టీడీఆర్ నోవా ఈక్వలైజర్, వల్హల్లా సూపర్‌మ్యాసివ్ రివర్బ్, డీసెంట్ శాంప్లర్... ఇవి ఉచితం కాబట్టి నాసిరకం అనుకోకండి. డబ్బు పెట్టే వృత్తి నిపుణులూ వాడతారు. వైటల్‌లో డబ్బు కట్టే రకాలున్నా, ఉచిత రకంలో వచ్చే సింథ్ అదే, తేడా ప్రధానంగా జతగా ఇచ్చే ప్రీసెట్ల లాంటివాటిలోనే. మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కు పెట్టండి. వినపడనిదాన్ని ఏ ప్లగిన్ సరిచేస్తుంది?

‘క్రాక్ ఉంది, కావాలా?’

హాస్టల్లో ఇది అందరూ వినే మాటే. పెన్‌డ్రైవ్‌లో లక్షల విలువ చేసే ప్లగిన్లు. నీతులు పక్కన పెట్టి లెక్క చూద్దాం. క్రాక్ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. అదే ల్యాప్‌టాప్‌లో మీ ఫోన్‌పే మెయిల్, ప్రాజెక్టు రికార్డు, రెజ్యూమె ఉంటాయి. ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా వదలొచ్చు. మీరు వాడబోయేది సంపాదన కోసమే కదా, ఆ వెసులుబాటు మీకు వర్తించదు. వీటన్నిటికన్నా ముందు తగిలేది ఇంకోటి: స్టూడియోలో ఉద్యోగానికి వెళ్తే అక్కడ మీ క్రాక్ ప్లగిన్లు ఉండవు. అవి లేకుండా మీకు పని రాదని మొదటి రోజే తెలిసిపోతుంది. స్టాక్ ఈక్వలైజర్‌తో గొంతు శుభ్రం చేయడం వచ్చినవాళ్లకు ఏ సీటులో కూర్చోబెట్టినా చేతులు ఆడతాయి.

జతగా వచ్చే లూపులకూ షరతులుంటాయి. మీ పాటలో వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ లూపును విడిగా తీసి, పేరు మార్చి శాంపిల్ ప్యాక్‌గా అమ్మకూడదు. ఇంకో తలనొప్పి యూట్యూబ్‌తో. అదే లూపును ప్రపంచంలో వేలమంది వాడతారు. వాళ్లలో ఒకరు తమ పాటను కంటెంట్ ఐడీలో రిజిస్టర్ చేస్తే మీ వీడియోకు క్లెయిమ్ రావచ్చు. లైసెన్సు చూపించి విడిపించుకోవచ్చు గానీ, ఆలోపు క్లయింటు మిమ్మల్ని అనుమానంగా చూస్తాడు. లూపును ఉన్నదున్నట్టు వాడకుండా కోసి, కలిపి, పక్కన మీ సొంత వాయింపు పెడితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

పెట్టెలో లేనిది మన దగ్గరుంది

ఏ హోస్ట్ తెరిచినా ‘ఇండియన్’ అన్న ఫోల్డర్‌లో సాధారణంగా కనిపించేవి తబలా, సితార్, బాన్సురి. ఇండియన్ వాయిద్యాలకే ప్రత్యేకించిన స్వర్‌ప్లగ్ లాంటివి ఉన్నా అవి వేరే కొనుక్కోవాలి. మన ఊళ్ల శబ్దాలు ఈ పెట్టెల్లోకి పెద్దగా చేరలేదు.

ఆ శబ్దాలు తక్కువవి కావు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం తమిళనాడు సభలనే తలలూపించింది. 1977లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తాడికొండ దగ్గర పొన్నెకల్లు బుర్రకథ పితామహుడు నాజర్ పుట్టిన ఊరు. ఆయనకూ 1986లో పద్మశ్రీ. సినిమా సంగీత దర్శకుడు చక్రవర్తిదీ అదే పొన్నెకల్లు. ఒక పల్లె నుంచి ఇద్దరు! నాజర్ పక్కన మోగిన గుమ్మెట, చినమౌలానా ఊదిన నాదస్వరం, మన జాతరల డప్పు, డోలు... వీటిని కీబోర్డు మీద వెతికితే దొరికేవి చాలావరకు దగ్గరి పోలికలే. షెహనాయి శాంపిల్ పెట్టి నాదస్వరం అనిపించే ప్రయత్నాలు పెళ్లి వీడియోల్లో వింటూనే ఉన్నాం. చెవి ఉన్నవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. పైగా కీబోర్డులో ఒక మీట ఒక స్వరం దగ్గర నిలబడుతుంది. నాదస్వరం నిలబడదు, స్వరం నుంచి స్వరానికి గమకంతో జారుతుంది. పిచ్ బెండ్ మామూలుగా అటూ ఇటూ రెండు అరస్వరాలకే కట్టి ఉంటుంది. దాన్ని పెంచుకుని చేత్తో జార్చడం నేర్చుకున్నా కొంతవరకే.

తాళవాద్యాల విషయంలో మాత్రం మీరు ఏదైనా చేయగలరు. డప్పును మీరే రికార్డు చేసి, శాంప్లర్‌లో వేసి, సొంత కిట్ తయారుచేసుకోండి. రీపర్‌లో శాంప్లర్ లోపలే ఉంది, లేదంటే డీసెంట్ శాంప్లర్. పద్ధతి చెప్తాను. వాయించేవాళ్లను డప్పు ఎప్పటిలా మంట దగ్గర కాచుకోమనండి. తోలు బిగిసినప్పటి మోత వేరు, చల్లారాక వేరు. అందుకే ఒక్కో దెబ్బను కాచిన వెంటనే రికార్డు చేయాలి, మధ్యలో మళ్లీ కాచుకోవడానికి ఆగాలి. లావు పుల్ల, సన్న పుల్ల, నడిమధ్య, అంచు... ప్రతి దెబ్బనూ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు స్థాయిల్లో తీసుకోండి. ఒక్కో స్థాయిలో కనీసం నాలుగుసార్లు. ఎందుకంటే ఒకే శాంపిల్ పదేపదే మోగితే మిషన్‌గన్‌లా వినిపిస్తుంది. నాలుగు దెబ్బలు వంతులవారీగా మోగితే మనిషి వాయించినట్టుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టుకోండి. మైకు మరీ దగ్గర పెడితే గట్టి దెబ్బకు శబ్దం చిట్లుతుంది, రెండు మూడడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి.

గది? అది కూడా మన దగ్గర దొరికేదే. పత్తి పండే చోట దూది పరుపులకు, బొంతలకు కరువేముంది. గోడలకు అంటుకోకుండా కాస్త ఎడంగా, దళసరి బొంతలు మూడు వైపులా వేలాడదీస్తే గది గోల చాలా తగ్గుతుంది. గొంతు రికార్డింగుకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లోతైన బాస్ శబ్దాన్ని మాత్రం బొంత ఆపలేదు, కాబట్టి డోలును ఆ గదిలో కాకుండా ఆరుబయట ప్రయత్నించండి. కోడిపుంజులు, ట్రాక్టర్లు లేని వేళ చూసుకోవాలి మరి.

ఒక్క విషయం మర్చిపోకండి. వాయించిన వ్యక్తికి ఆ రోజు కూలి కాదు, కళాకారుడి రుసుము ఇవ్వాలి. ఈ శబ్దాలను దేనికి వాడతారో, అమ్మితే వాటా ఎంతో ఒక తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ప్యాక్ పేరు కింద ఆయన పేరు వేయండి. రేపు ఈ కిట్ పెద్ద సినిమాలో మోగితే గొడవ రాకుండా ఉండేది ఆ కాగితంతోనే.

ఈసీఈ వాళ్లకు ఇంకో దారి

డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ సబ్జెక్టును పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేశారా? మీరు ఇష్టంగా తిప్పే ఈక్వలైజర్ నాబ్ వెనక ఉన్నది ఆ జెడ్-ట్రాన్స్‌ఫామే. ఐదు గుణకాలున్న ఒక చిన్న ఫిల్టర్ సమీకరణం రాస్తే బాస్ పెంచే ప్లగిన్ తయారు. రివర్బ్ అంటే కన్వల్యూషన్. ఈ లెక్కను సీ ప్లస్ ప్లస్‌లో రాసి, జ్యూస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో పెడితే ఒకే కోడ్ నుంచి వీఎస్‌టీ3, ఏయూ, ఏఏఎక్స్ మూడూ వస్తాయి. నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. వీఎస్‌టీ3 డెవలపర్ కిట్‌ను కూడా స్టైన్‌బర్గ్ 2025లో ఎంఐటీ లైసెన్సు కిందకు తెచ్చింది. అంటే కంపెనీతో ఒప్పందాలు లేకుండానే వాడుకోవచ్చు.

ఇందులో అసలు సవాలు టైము. హోస్ట్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా ప్లగిన్‌కు అందిస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల ముక్క అంటే 5.3 మిల్లీసెకన్లు. ఆలోపు మీ లెక్క పూర్తికావాలి, లేదంటే స్పీకర్లో చిటపట. ఆ దారిలో మెమరీ కేటాయించడం, ఫైలు తెరవడం లాంటివి చేయకూడదు. రియల్‌టైమ్ ప్రోగ్రామింగ్ అంటే ఇదే. ఫోన్ చిప్పులు, కారు ఆడియో, ఇయర్‌బడ్లు చేసే కంపెనీలకు కావలసిందీ ఇదే. ఇంటర్వ్యూలో ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ ప్రాజెక్టు చెప్పే వందమంది మధ్య, తను రాసిన ప్లగిన్‌ను హోస్ట్‌లో తెరిచి వినిపించేవాళ్లు గుర్తుండిపోతారు. చివరి ఏడాది ప్రాజెక్టుకు టాపిక్ వెతుకుతుంటే మీ గైడ్‌ను అడిగి చూడండి. తయారయ్యాక ప్లగిన్‌వాల్ అనే ఉచిత టూల్‌తో పరీక్షించండి. మ్యాక్‌లో లాజిక్ కూడా యాపిల్ పరీక్షలో పాసైన ఏయూలనే తీసుకుంటుంది.

కోడింగ్ కాకుండా సౌండ్‌లోనే పూర్తిగా దిగాలనుకుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో డిగ్రీ తర్వాత చదివే సౌండ్ కోర్సులున్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

పంపేది ప్రాజెక్టు కాదు, స్టెమ్స్

మీరు విండోస్ ఎఫ్ఎల్ స్టూడియోలో చేసిన ప్రాజెక్టు ఫైలు హైదరాబాద్ స్టూడియోలోని ప్రో టూల్స్‌లో తెరుచుకోదు. హోస్ట్ వేరు, ప్లగిన్ ఫార్మాట్ వేరు. బిట్‌విగ్, ప్రీసోనస్ కంపెనీలు 2023లో డాప్రాజెక్ట్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతిని తెచ్చాయి. క్యూబేస్ 14 కూడా దాన్ని అందిపుచ్చుకుంది. అయినా అవతలి సిస్టమ్‌లో మీ ప్లగిన్ లేకపోతే ఆ ట్రాక్ మూగదే. అందుకే పంపాల్సింది స్టెమ్స్. గొంతు, కోరస్, డప్పు, బాస్, మిగతా వాయిద్యాలు... ఒక్కోటీ విడి వేవ్ ఫైలుగా తీయండి. గొంతు రెండో నిమిషంలో మొదలైనా సరే, అన్ని ఫైళ్లూ పాట సున్నా దగ్గర నుంచే మొదలవ్వాలి. అప్పుడే అవతలివాళ్లు ఒకేసారి లాగి పడేస్తే అన్నీ వరుసలో కూర్చుంటాయి. వీడియో కోసమైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ తీసేసి పంపండి, దాంతో కలిపి మీరు చేసిన మిక్స్‌ను వేరే ఫైలుగా పెట్టండి. ఎకో మీకు బాగా నచ్చితే ఎకో ఉన్న గొంతు ఒకటి, లేనిది ఒకటి.

ఫైలు పేరు ‘ఫైనల్ ఫైనల్ 2’ అని ఉండకూడదు. పాట పేరు, వాయిద్యం, టెంపో, శ్రుతి వరుసగా రాయండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత నలిగిపోతుంది, డ్రైవ్ లింకు పంపండి. పంపేముందు ఆ లింకును మీ లాగిన్ లేని ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి. ‘యాక్సెస్ అడగండి’ అని వస్తే స్టూడియో వాళ్లు అడగరు, పక్కవాళ్ల ఫైలు తెరుస్తారు.